వేడి మరిచిన మోచెయ్యి

మోచేతమ్మకు అసలు పేరు ఒకటుంది. అది క్రెష్ హాజరు పట్టీలో మూడో వరుసలో ఉంటుంది. ఆ పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని చూసేది.

ఆ క్రెష్ సైకిళ్ళ రిపేరు షాపు పైన, మొదటి అంతస్తులో ఉంది. కింది నుంచి గ్రీజు వాసన, పైనుంచి సబ్బు వాసన వచ్చి సరిగ్గా ఏడో మెట్టు దగ్గర కలుసుకునేవి. పొద్దున్నే డ్యూటీలకు పరిగెత్తే మాలాంటి వాళ్ళు పిల్లల్ని నిద్రముఖాలతోనే తెచ్చి అప్పగించేవాళ్ళం. స్నానాలు అక్కడే. నడుమెత్తు సిమెంటు గట్టు మీద మూడు ప్లాస్టిక్ తొట్లు, నీలం ఒకటి, పచ్చది ఒకటి, ఒకప్పుడు పసుపుగా ఉండి ఇప్పుడు ఏ రంగో చెప్పలేనిది ఒకటి. గోడకు గీజరు, అద్దాల రెక్కల కిటికీ, ఒక చెక్క స్టూలు. అదే ఆమె రాజ్యం. తొట్టి నిండగానే చీర మీద వేసుకున్న చొక్కా కుడిచెయ్యి పైకి మడిచి, మోచెయ్యి నీళ్ళలో ముంచి, కప్పు వైపు చూస్తూ రెండు క్షణాలు ఆగేది. తర్వాత "ఊఁ" అనేది. ఆ ఊఁ వినపడందే ఏ పిల్లా నీళ్ళలోకి దిగడానికి లేదు. ఇరవై ఆరేళ్ళుగా అదే పద్ధతి.

"అరచెయ్యి అబద్ధాలాడుతుంది బాబూ," అని నాకు మొదటి వారమే చెప్పింది. "రోజంతా రుద్దీ తోమీ మొద్దుబారిపోయి ఉంటుంది. మోచెయ్యికేం పని? ఖాళీగా కూర్చునే మనిషి. ఉన్నదున్నట్టు చెబుతుంది."

నేను కాలేజీలో జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ చెబుతాను. మా పాప మాకు మొదటి బిడ్డ, అప్పటికి ఎనిమిది నెలలు. ఆ రోజుల్లో నా జేబులో ఎప్పుడూ ఒక గాజు థర్మామీటరు ఉండేది. పాదరసం పిల్లల దగ్గర వద్దని ఎర్ర ద్రవం ఉన్నది వెతికి మరీ కొన్నాను. పాపను అప్పగించాక కూడా స్నానాల గది కిటికీ కింద, పాత టైర్ల పక్కన, పది నిమిషాలు నిలబడి లోపలి మాటలు వినేవాణ్ణి. క్రెష్‌లో నన్ను థర్మామీటరు నాన్న అంటున్నారని మా ఆవిడ చెప్పింది. చెప్పి, నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మోచేతమ్మ దర్జీ కూతురు. చిన్నప్పుడు కరెంటు పోతే వాళ్ళ నాన్న గుండీల డబ్బా ఆమె ముందు పెట్టేవాడట. రెండు రంధ్రాలవి, నాలుగు రంధ్రాలవి చీకట్లోనే వేరు చేసేది. తర్వాత ఆస్పత్రి లాండ్రీలో ఏడేళ్ళు దుప్పట్లు మడతపెట్టింది. భర్త బస్సు డ్రైవరు. రిటైరయ్యాక కూడా, వీధిలో నడుస్తూ మలుపు దగ్గర కుడిచెయ్యి బయటికి చాపేవాడు. "వెనకాల వచ్చేవాడికి తెలియాలి కదా," అనేవాడు. వెనకాల ఎవరూ ఉండరు, ఆమె తప్ప. పిల్లలు లేరు. "ఎందుకు లేరు, ఏడాదికి ముప్ఫై మంది," అనేది ఆమె. కింద సైకిళ్ళు బాగుచేసే కుర్రాడు కూడా ఒకప్పుడు ఆ పచ్చ తొట్టిలో కూర్చున్నవాడే.

ఇప్పుడు ఆలోచిస్తే, నాకు ముందే తెలియాల్సింది.

ఆరిన బట్టల్ని మడతపెట్టే ముందు ఆమె ఒక్కోదాన్నీ చెంపకు ఆనించుకునేది. పిల్లల మీద ముద్దేమో అనుకున్నాను. నిజానికి చర్మంలో తడిని పట్టే నరమంటూ వేరే ఏదీ లేదు. చల్లదనం, స్పర్శ కలిసి వస్తే దాన్నే మనం తడి అనుకుంటాం. ఆమె చేతులకు ఆ రెండింటిలో ఒకటి అందడం మానేసింది. అందుకే చెంపను అడుగుతోంది. తను అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. ఒకసారి ఎడమ చూపుడు వేలి మీద రూపాయంత బొబ్బ చూశాను.

"ఎప్పుడు కాలింది పెద్దమ్మా?"

"కాలిందా?" వేలు తిప్పి చూసుకుంది. "పాలగిన్నె అయ్యుంటుంది. పనిచేసే చేతులకి ఇవి మామూలే."

తుమ్మితే మెడ వెనక లాగుతోందని కూడా అనేది. ఈ మూడింటినీ కలిపితే వచ్చే పాఠాన్ని నేను ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. బోర్డు మీద ఉన్నంతసేపూ నా చదువుకు లోటు లేదు.

చలికాలంలో ఒక సోమవారం పాపను అప్పగించి కిందికి దిగాక, పాప టోపీ నా జేబులోనే ఉండిపోయిందని చూసి మళ్ళీ మెట్లెక్కాను. మొదటి వంతు మా పాపదే. తువ్వాలులో చుట్టి మోచేతమ్మ ఎడమ భుజాన వేసుకుంది. నీలం తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది, చలికాలం కదా, రోజూ లేస్తుంది. ఆమె మోచెయ్యి ముంచింది, కప్పు వైపు చూసింది, "ఊఁ" అంది.

నన్ను చూసి నవ్వింది. "రండి బాబూ, మీ గాజుపుల్ల కూడా పెట్టండి. అదీ ఊఁ అంటే ఇద్దరు సాక్షులం."

పెట్టాను. ఎర్రగీత ముప్ఫై ఏడు దాటింది. నలభై దాటింది. యాభై ఒకటి దగ్గర ఆగింది.

నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. థర్మామీటరును బయటికి తీసి, చొక్కాకు తుడిచి, పాడైపోయిందేమోనని వెలుతురు వైపు పట్టుకుని చూశాను. ఆ గదిలో ఒక గాజుపుల్ల ఆమె ఊఁను కాదనడం నాకే నమ్మశక్యంగా లేదు.

"మీ పుల్లకి జ్వరమొచ్చింది," అంది మోచేతమ్మ.

పాలు కలుపుతున్న వంటావిడ గడప దగ్గర్నుంచే నవ్వుతూ వచ్చి తొట్టిలో వేలు పెట్టింది, వెంటనే లాగేసుకుంది. "అక్కా, కాలిపోతోంది."

ఎవరూ నవ్వలేదు. గీజరు ఆగాల్సిన చోట ఆగలేదని తర్వాత తెలిసింది. మోచేతమ్మ పాపను నా చేతికిచ్చి, తన కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్ళలో పెట్టి అలాగే ఉంచింది. చర్మం మా కళ్ళ ముందే ఎర్రబడుతోంది. వంటావిడ ఆ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

"నీళ్ళు కదలడం తెలుస్తోంది," అంది ఆమె మెల్లగా, ఎప్పుడూ ఉండే చోట ఉండాల్సిన వస్తువు కనపడనట్టు. "వేళ్ళకి తొట్టి అడుగు తగిలితే తెలుస్తోంది. వేడే తెలీడం లేదు."

ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. నేరుగా మేడమ్ గదికి వెళ్ళింది. ఆ క్రెష్ నడిపే మేడమ్ వయసులో ఆమెకంటే పదేళ్ళు చిన్న.

"ఇవాళ్టి నుంచి నా ఊఁ లెక్కలోకి తీసుకోకండమ్మా."

"ఏదో ఒక్కరోజు పొరపాటుకి..."

"ఎన్ని రోజులు కావాలమ్మా? ఆ పిల్లకి ఒక్కరోజు చాలేది."

నేను పాపను ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డాను. ఆ క్షణంలో నాకు ఆమె మీద జాలి కలగలేదు. పాపను ఇక్కడ మాన్పించేయాలన్న ఒక్క ఆలోచనే ఉంది. సెలవు పెట్టి ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

పాప బాగానే ఉందా అని మూడుసార్లు అడిగి నిర్ధారించుకున్నాక అంది: "ఇరవయ్యారేళ్ళలో ఒక్క పిల్లకీ చురుక్కుమనలేదు. నువ్వు పది నిమిషాల్లో తేల్చేశావు."

"తేల్చకపోతే ఎలా?"

"తన ఊఁ లెక్కలోకి తీసుకోవద్దని ఆవిడే చెప్పేసిందిగా. ఇంకా నువ్వు తేల్చేదేముంది? ఆ జబ్బేమిటో నీకు తెలుసు అంటున్నావు. ఆవిడకి తెలియదు. వెళ్ళి చెప్పు."

మధ్యాహ్నం పాపను మా ఆవిడకు అప్పగించి మోచేతమ్మ ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద మడతపెట్టిన వార్తాపత్రికలు. ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. కుడిచేతికి మందు రాసి ఉంది. డ్రైవరుగారు నాకు కుర్చీ వేసి, తను గోడకు చేరగిలబడ్డాడు.

ఆమెను కళ్ళు మూసుకోమన్నాను. ఎడమచేతి మీద దూదితో తాకాను. "దూది," అంది. తువ్వాలు కొసతో తాకితే "తువ్వాలు, ఉతికి ఉతికి అరిగిపోయింది" అంది. నేను ఆమె బొటనవేలిని పైకి వంచితే పైకి అంది, కిందికి వంచితే కిందికి అంది. జేబులోంచి గుండీ తీసి అరచేతిలో పెట్టాను. "నాలుగు రంధ్రాలు. అంచు విరిగింది." తర్వాత రెండు స్టీలు గ్లాసులు, ఒకదాంట్లో ఐసు నీళ్ళు, ఒకదాంట్లో గోరువెచ్చనివి. ఒకటి తర్వాత ఒకటి అదే చేతికి ఆనించాను.

"గ్లాసు," అంది. "ఇదీ గ్లాసే."

క్యాలెండరు నుంచి పాత కాగితం చింపి వెనకవైపు బొమ్మ గీశాను. వెన్నెముక లోపల చిటికెన వేలంత లావున వెన్నుపాము ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే నడుమ బూడిదరంగులో సీతాకోకచిలుకలా ఒక ఆకారం, చుట్టూ తెల్లటి నరాల తీగలు. చేతి నుంచి వచ్చే కబుర్లన్నీ ఒకే తలుపు గుండా లోపలికి వస్తాయి గానీ, లోపలికి వచ్చాక విడిపోతాయి. మెత్తటి స్పర్శ, వేలు ఎటు వంగిందన్న కబురు వచ్చిన వైపునే వెనక భాగం వెంట తిన్నగా పైకి వెళ్తాయి. వేడి, చలి, నొప్పి మాత్రం వచ్చిన చోటికి కాస్త అటూ ఇటూగా మధ్యలోంచి అవతలి పక్కకు దాటి, అప్పుడు పైకి ఎక్కుతాయి.

"అంటే రెండు రూట్లు," అన్నాడు డ్రైవరుగారు, కాగితం లాక్కుని. "ఒక రూటువి సర్వీసు రోడ్డులో తిన్నగా పోతాయి. ఇంకో రూటువి జంక్షన్‌లో రోడ్డు దాటి పోవాలి. ఇప్పుడు జంక్షన్‌లో గుంట పడింది."

"అదే అనుకుంటున్నాను. స్కాన్ తీస్తే గానీ చెప్పలేం."

"చేతులవే ఆగిపోయాయా? మరి కాళ్ళవి?"

"కాళ్ళవి..." అని ఆగాను.

"కాళ్ళ బస్సులు ఎక్కడ దాటతాయి?"

"కింద. నడుము పైన."

"అయితే ఈ జంక్షన్‌కి వచ్చేసరికి అవి ఎప్పుడో దాటేసి అవతలి అంచున పోతూ ఉంటాయి. గుంటతో వాటికేం పని?" అంటూ గోరువెచ్చటి గ్లాసు అందుకుని, నేను వద్దనేలోపే భార్య పాదం మీద కాస్త ఒంపాడు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. "వెచ్చగా ఉంది," అంది. రెండో గ్లాసు ఒంపాడు. "చల్ల. చాలు, మంచం తడిపేస్తున్నావు," అని నవ్వింది. క్రెష్ నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి అని ఆయన మొహం చూస్తే తెలిసింది. నన్ను కాలేజీలో ఇన్నేళ్ళలో ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

స్కాన్‌లో మెడ దగ్గర, వెన్నుపాము మధ్యలో, సన్నటి నీటి సంచి కనపడింది. పుర్రె అడుగున మెదడు కొస ఒకటి కాస్త కిందికి జారి, మెదడు నుంచి వెన్నుపాము చుట్టూ పారే నీళ్ళ దారికి అడ్డం పడిందని, అందుకే ఏళ్ళ తరబడి ఆ సంచి పెరుగుతూ వచ్చిందని నరాల డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసి దారి వెడల్పు చేస్తే పెరగడం ఆగుతుంది. పోయిన వేడి మాత్రం తిరిగి వస్తుందని చెప్పలేమన్నాడు.

"బతుకంతా నీళ్ళతోనే గడిపాను. అవే వచ్చి లోపల కూర్చున్నాయి," అంది మోచేతమ్మ. తర్వాత ఒక్కటే అడిగింది. "పిల్లని ఎత్తుకోవచ్చా?"

డాక్టరు ఆమె చేత తన వేళ్ళు గట్టిగా పట్టించుకుని చూశాడు. విడిపించుకోవడానికి కాస్త తంటాలు పడ్డాడు. "ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత, నిరభ్యంతరంగా," అన్నాడు.

ఆ మూడు నెలలూ పిల్లల స్నానాలు క్రెష్‌లో ఉన్న రెండో ఆయా చేయించింది. నా థర్మామీటరుకు ఎర్రదారం కట్టి మేకుకు వేలాడదీశారు. ఈసారి దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. పాపను నేను మాన్పించలేదు.

మోచేతమ్మ మెడ వెనక ఆపరేషన్ కుట్ల నిలువు గీతతో తిరిగొచ్చింది. మేడమ్ ఆమెకు బట్టల మడతలు, ఉయ్యాలల పని ఇచ్చింది. స్నానాల గదికి మాత్రం వద్దంది. మేడమ్‌ది తప్పనలేను. ఆ గది తలుపు దగ్గర ఆమె రోజూ కాసేపు నిలబడి, రెండో ఆయాకు "చెవి వెనక, చెవి వెనక" అని చెప్పి వెళ్ళిపోయేది. రెండు వారాలు అలా గడిచాక, ఒక శనివారం పిల్లలు తక్కువగా ఉన్న పూట, నేను ఉండగానే మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"నాకు పరీక్ష పెట్టండమ్మా. తప్పితే ఇంకెప్పుడూ అడగను. ఉయ్యాలలే ఊపుకుంటాను."

మూడు తొట్లలో మూడు రకాల నీళ్ళు నింపించింది మేడమ్. థర్మామీటరు తనే పెట్టి చూసుకుని, అంకెలు ఒక చీటీ మీద రాసి మడిచి పట్టుకుంది. మోచేతమ్మ చెక్క స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పి, రెండు పాదాలూ నేల మీద ఆనించి కళ్ళు మూసుకుంది. వంటావిడ ఒక్కో తొట్టిలోంచి ఒక్కో మగ్గు తీసి ఆమె కుడిపాదం మీద పోసింది.

"ఇది చల్ల. పిల్ల తుమ్ముతుంది."

రెండో మగ్గు. ఆమె కాలివేళ్ళు ముడుచుకుని విప్పుకున్నాయి. "ఇది నాకైతే బాగుంది. పిల్లకి ఎక్కువ. ఓ చెంబు చన్నీళ్ళు పడాలి."

మూడో మగ్గు. మొహం పైకెత్తి రెండు క్షణాలు ఆగింది. "ఊఁ."

మేడమ్ చీటీ విప్పి నాకు చూపించింది. ముప్ఫై మూడు, నలభై ఒకటి, ముప్ఫై ఏడు.

"నీళ్ళ సంగతి సరే," అంది మేడమ్. "వేడే తెలియని చేతులు. తడిపిల్ల జారిపోదా?"

"వేడి రూటు వేరు, పట్టు రూటు వేరు మేడమ్," అని నేను డ్రైవరుగారి మాటల్లోనే మొదలుపెట్టాను. జారుతోందా, బిగువు సరిపోయిందా అని చెప్పే స్పర్శ తిన్నగా వెళ్ళే దారిలో ఉందనీ, ఆ దారి చెక్కుచెదరలేదనీ, డాక్టరు రాసిచ్చిన కాగితంలో కూడా అదే ఉందనీ చెప్పాను. మేడమ్ అంతా ఓపిగ్గా వింది.

"అయితే మీ పాపని ఇవ్వండి," అంది.

బొమ్మలు గీయడం, రూట్లు చెప్పడం ఒక ఎత్తు, పిల్లను చేతికివ్వడం ఒక ఎత్తు. మా పాప నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. మోచేతమ్మ చేతులు చాపలేదు. తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, నేల వైపు చూస్తూ కూర్చుంది. నేను కాదంటే ఆమె ఏమీ అనదు. లేచి ఉయ్యాలల గదిలోకి వెళ్ళిపోతుంది.

పాప నోట్లోంచి గుండీ తీసి, గౌను విప్పి, ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె తొందరపడలేదు. పాపను ఒక చేత్తో పొదివి పట్టుకుని, మూడో తొట్టిలోంచి మళ్ళీ ఒక మగ్గు పాదం మీద పోయించుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీ గాజుపుల్ల ఏది?"

"అక్కర్లేదు పెద్దమ్మా."

"ఆ మాట మీరనకూడదు. ఆవేళ మీరు నన్ను నమ్మి దాన్నే అనుమానించారు. నేను చూడలేదనుకున్నారా?" మేకు వైపు చూపించింది. "నా కాలు ఒకటి, మీ పుల్ల ఒకటి. రెండూ ఒప్పుకుంటేనే పిల్ల దిగుతుంది. నేను ఉన్నంత కాలం ఇదే పద్ధతి."

థర్మామీటరు పెట్టాను. ముప్ఫై ఏడు.

"ఊఁ," అంది మోచేతమ్మ.

ఆమె ఎడమచేయి పాప మెడ కిందికి వెళ్ళింది. వేళ్ళు చంక కింద చుట్టుకున్నాయి. పాప కాళ్ళు తపతపా కొడుతూ మేడమ్ చీటీని తడిపేసింది. సబ్బు పట్టిన ఆ చిన్న వీపు ఎటు మెలికలు తిరిగితే ఆ వేళ్ళు అటు సర్దుకుంటున్నాయి. ఆమె మాత్రం కిటికీ వైపు చూస్తూ వంటావిడతో ఏదో మాట్లాడుతోంది. చీకట్లో గుండీలు వేరు చేసిన చేతులు.

"ఇంక మోచేతమ్మ అంటే కుదరదక్కా," అంది వంటావిడ. "పాదాలమ్మ అనాలి."

"నోరు ఆడించింది చాలు, ఆ రెండో తొట్టిలో చన్నీళ్ళు పొయ్యి."

మేడమ్ తడిసిన చీటీని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసి, మేకుకు ఉన్న ఏప్రాన్ తీసి స్టూలు మీద పెట్టి వెళ్ళింది.

సోమవారం నుంచి మళ్ళీ మామూలే. పాపను ఇచ్చి దిగి, కిటికీ కింద టైర్ల పక్కన నిలబడేవాణ్ణి. నేల మీద మగ్గు నీళ్ళు పడిన చప్పుడు, మేకు నుంచి గాజుపుల్ల తీసిన చప్పుడు, తర్వాత కాసేపు నిశ్శబ్దం. "ఊఁ" వినపడగానే సైకిలెక్కేవాణ్ణి. పది నిమిషాలు కాస్తా రెండయ్యాయి. ఆ మిగిలిన ఎనిమిది నిమిషాల్లో కాలేజీకి ముందే చేరి, బోర్డు మీద వెన్నుపాము గీసి, చేతుల రూటు ఎక్కడ దాటుతుందో, కాళ్ళ రూటు ఎక్కడ దాటుతుందో రంగు సుద్దలతో వేరువేరుగా దిద్దుతున్నాను. జంక్షన్ దగ్గర ఒక చిన్న బస్సు కూడా వేస్తున్నాను. పిల్లలు నవ్వుతున్నారు గానీ, పరీక్షలో ఎవరూ తప్పు రాయడం లేదు.